జి13 టర్బో, 8500 ఆర్‌పిఎం: లోపల సామాను ఏది ముందు మార్చాలి?

గూడూరు_జి13:

అన్నలందరికీ నమస్తే. మారుతి ఎస్టీమ్ 16 వాల్వుల ఇంజను దింపి మొత్తం విప్పేశా. జి13బిబి, 74 మి.మీ. బోరు (సిలిండర్ వ్యాసం), 75.5 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 1298 సీసీ. బోర్లో అరుగుదల ఉంది, 0.50 ఓవర్‌సైజుకి పోక తప్పదు. ఎటూ పిస్టన్లు మార్చాలి కాబట్టి టర్బోకి తగ్గట్టే కడదామని. అనుకున్నది 1 బార్ బూస్టు (టర్బో అదనంగా తోసే గాలి ఒత్తిడి), 8500 ఆర్‌పిఎం. బండి మద్రాసు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ రోజులకే, రోజువారీ వాడకం లేదు.

అన్నీ ఒకేసారి కొనే పరిస్థితి లేదు. ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేస్తే చాలు, కంపెనీ రాడ్లు (పిస్టన్ని క్రాంకుకి కలిపేవి) తట్టుకుంటాయని కొందరు. రాడ్లే ముందని ఇంకొందరు. పిస్టన్లు 2618 అల్యూమినియం మిశ్రమం తీసుకోవాలా, 4032 తీసుకోవాలా? రాడ్డు హెచ్-బీమా, ఐ-బీమా? కంప్రెషన్ ఎంత పెట్టాలి? బోరింగు నెల్లూర్లో అవుతుందా, మద్రాసు మోసుకుపోవాల్నా? ఒక్కోటీ ఎందుకో కూడా చెప్పండి.

పెన్నా_క్రాంక్:

తమ్ముడూ, సామాను పేర్లు తర్వాత. ముందు లోడు లెక్క చూడు, ఏది ముందు కొనాలో అదే చెప్తుంది.

బూస్టు పెరిగితే సిలిండర్లో మంట ఒత్తిడి పెరుగుతుంది. ఆ దెబ్బ పిస్టన్ తల మీద, రింగు ల్యాండు (రింగుల గాడుల మధ్య గోడ) మీద, హెడ్ గాస్కెట్ మీద పడుతుంది, రాడ్డుని పైనుంచి నొక్కుతుంది. ఆర్‌పిఎం పెరిగితే పైకి దూసుకెళ్తున్న పిస్టన్ని ఆపి కిందికి లాగే బలం పెరుగుతుంది. అది రాడ్డుని సాగదీస్తుంది, ఆ లాగుడంతా చివరికి రాడ్డు బోల్టు మీదకి వస్తుంది.

నీ ఇంజన్కి అంకెలు వేస్తే ఇట్టా వస్తాయి. రాడ్డు సెంటర్ నుంచి సెంటర్‌కి 120 మి.మీ. పిస్టన్, పిన్ను (పిస్టన్ని రాడ్డుకి కలిపేది), రింగులు, రాడ్డు పైభాగం కలిపి 450 గ్రాములు అనుకో. 7000 దగ్గర టీడీసీలో (పిస్టన్ పైకొసకి చేరినప్పుడు) లాగుడు సుమారు 1220 కిలోలు. 8500కి అదే 1800 కిలోలు. ఆర్‌పిఎం పెరిగింది 21 శాతం, లోడు పెరిగింది 47 శాతం, ఎందుకంటే అది వేగం వర్గంతో పెరుగుతుంది. ఇదంతా ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర పడుతుంది. అప్పుడు పిస్టన్ పైన అడ్డం నిలిచే గ్యాసు ఒత్తిడి దాదాపు ఉండదు. థ్రాటిల్ వదిలేసినా ఈ లాగుడు తగ్గదు.

బూస్టు వైపు చూడు. 74 బోరు వైశాల్యం 43 చదరపు సెం.మీ. మంట ఒత్తిడి 90 బార్ అనుకుంటే పిస్టన్ మీద నాలుగు టన్నుల దగ్గర. కానీ 8500లో పిస్టన్ జడత్వం అందులోంచి 1800 కిలోలు మింగేస్తుంది, రాడ్డు మీద నికరంగా 2150 కిలోలే మిగులుతాయి. అదే ఒత్తిడి 4500లో వస్తే జడత్వం తీసేది 500 కిలోలే, రాడ్డు మీద 3450 కిలోలు పడతాయి. అందుకే టర్బో బండ్లలో రాడ్డు వంగేది ఎక్కువగా మధ్య ఆర్‌పిఎంలో, బూస్టు ఒక్కసారిగా ఎక్కినప్పుడు. బోల్టు తెగేది రెడ్‌లైన్ దగ్గర. ఈసీయూలో (ఇంజను కంప్యూటర్లో) బూస్టుని ఆర్‌పిఎం ప్రకారం పెట్టుకునే వీలుంటే 4500 లోపల 0.6 బార్ దాటనీకు, 5500 పైన 1 బార్ ఇవ్వు. పైసా ఖర్చు లేకుండా రాడ్డు బతుకుతుంది.

నీది రెండూ ఎక్కువున్న ఇంజను కాబట్టి పిస్టన్, రాడ్డు విడదీసి కొనే ప్రశ్నే లేదు. ఫోర్జ్‌డ్ పిస్టన్ వేసి కంపెనీ రాడ్డు, కంపెనీ బోల్టు ఉంచితే 8500 గీత కాగితం మీదే ఉండాలి. ఇప్పటికి పిస్టన్లే వచ్చే స్తోమత ఉంటే ఆర్‌పిఎం 7000 దగ్గర, బూస్టు 0.5 దగ్గర కట్టెయ్, రాడ్లు వచ్చాక పెంచు.

పిస్టన్: ట్రాక్ బండి, 1 బార్, కాబట్టి 2618. అందులో సిలికాన్ దాదాపు లేదు, మెత్తగా సాగుతుంది, నాకింగ్ (పెట్రోలు వేళతప్పి పేలడం) వస్తే పగలకుండా ఓర్చుకుంటుంది. 4032లో సిలికాన్ 12 శాతం దగ్గర, వేడికి తక్కువ వ్యాకోచిస్తుంది, క్లియరెన్సు బిగుతుగా పెట్టొచ్చు, చల్లగా ఉన్నప్పుడు శబ్దం తక్కువ, గ్రూవులు ఎక్కువ కాలం అరగవు. కానీ ల్యాండు మీద గట్టి దెబ్బ పడితే పెళుసుగా విరుగుతుంది. క్లియరెన్సుకి పిస్టన్ తయారుదారు కాగితమే ప్రమాణం. 74.5 బోర్లో 2618కి 0.075 నుంచి 0.09 మి.మీ., 4032కి 0.045 నుంచి 0.06 మధ్య వస్తుంది. వేడెక్కేదాకా 2618 టకటకా కొట్టుకుంటుంది, దానికి భయపడొద్దు. ఆయిలు వేడెక్కకముందు బూస్టు మాత్రం ఇవ్వొద్దు.

పిస్టన్ కొనేటప్పుడు తల డిజైన్ ఒక్కటే చూసి పిన్ను మర్చిపోతారు. పిస్టన్, పిన్ను కలిపి 50 గ్రాములు తగ్గితే 8500లో బోల్టు మీద లాగుడు 200 కిలోలు తగ్గుతుంది. అట్టాగని పల్చటి పిన్ను తీసుకుంటే బూస్టుకి మధ్యలో వంగి పిన్ను బాసుల దగ్గర పగుళ్ళు తెస్తుంది. చివర్లలో టేపర్ తీసిన, మధ్యలో గోడ మందంగా ఉన్న పిన్ను అడుగు.

రాడ్డు: 4340 స్టీలు ఫోర్జింగ్ అయితే ఈ పవర్‌కి హెచ్ అయినా ఐ అయినా ఒకటే. తూకం తక్కువున్నది, పెద్ద కన్ను (క్రాంకు వైపు రంధ్రం) గుండ్రంగా హోన్ చేసినది (రాయితో సానబట్టినది) తీసుకో. తేడా తెచ్చేది బోల్టు. 8740 స్టీలు బోల్టు 7500 దాకా సరే. 8500కి ఏఆర్‌పీ కంపెనీ 2000 రకం బోల్టు ఉన్న రాడ్డే తీసుకో.

ఒంగోలు_డైనో:

పెన్నా అన్న లెక్కతో గొడవ లేదు. కానీ 8500 ఎందుకు అనే ప్రశ్న ఎవరూ అడగలేదు.

కంపెనీ క్యాం (వాల్వుల్ని తెరిచేది), కంపెనీ పోర్టులతో (హెడ్డులో గాలి దారులతో) ఈ ఇంజను 6500 దాటాక గాలి పీల్చడం తగ్గిపోతుంది. టర్బో పెట్టినా ఆ తగ్గుదల ఆకారం మారదు, గ్రాఫు మొత్తం పైకి జరుగుతుంది అంతే. క్యాం మార్చకుండా 8500 దాకా తిప్పితే లోడు పూర్తిగా మోస్తావు, పవర్ మాత్రం రాదు. స్ట్రోకు చిన్నది కాబట్టి సగటు పిస్టన్ వేగం 8500లో కూడా సెకనుకి 21.4 మీటర్లే, అది మంచి సంగతి. పాత బాలెనో 1.6కి 90 స్ట్రోకు, అదే 8500లో 25.5 వస్తుంది, ఆ ఇంజన్లో ఈ ఆలోచనే చెయ్యను. కింది భాగం నీకు అనుకూలంగానే ఉంది, అడ్డం వచ్చేది హెడ్డు.

నా సలహా లిమిటర్ (ఆర్‌పిఎం ఆపే గీత) 7800. 8500తో పోలిస్తే బోల్టు లాగుడు 16 శాతం తగ్గుతుంది, టర్బోతో ట్రాక్‌లో ల్యాప్ టైం పెద్దగా పోదు. లోపలి భాగాలన్నీ 8500కి కట్టి 7800లో ఆపు. ఇంకోటి గుర్తుపెట్టుకో. లిమిటర్ ఇంజన్ని థ్రాటిల్‌తో దాటనివ్వదు, గేరుతో దాటిస్తే దానికేమీ చేతకాదు. నాలుగు నుంచి మూడు బదులు రెండులో పడితే చక్రాలే ఇంజన్ని 10 వేలు దాటిస్తాయి. 7800లో ఆపి పెట్టుకున్న ఆ ఖాళీ అక్కడ పనికొస్తుంది.

ఇక వాల్వ్ స్ప్రింగులు. బూస్టు ఇంటేక్ వాల్వుని వెనకనుంచి తోస్తుంది. 28 మి.మీ. వాల్వు అనుకుంటే 1 బార్‌కి 6.3 కిలోలు. కంపెనీ స్ప్రింగు సీటు బలంలోంచి ఇది పోతుంది, అంటే ఉన్న స్ప్రింగు ఆ మేరకు బలహీనపడినట్టే. ఎగ్జాస్ట్ వైపు ఇంకా గట్టి సంగతి. చిన్న టర్బోలో మానిఫోల్డు వెనక ఒత్తిడి బూస్టు కంటే ఎక్కువ ఉంటుంది, అది ఎగ్జాస్ట్ వాల్వుని సీటు మీదనుంచి లేపాలని చూస్తుంది. వాల్వు ఫ్లోట్ అయితే (స్ప్రింగు చాలక వేళకి మూసుకోకపోతే) మొదట 7000 పైన మిస్‌ఫైర్ లాగా తెలుస్తుంది, జనం స్పార్కు ప్లగ్గులు మార్చుకుంటూ కూర్చుంటారు. ఇక్కడ ప్లగ్గు గ్యాపు 0.6కి తగ్గించి చూడు. మిస్ పోతే ఇగ్నిషన్, పోకపోతే స్ప్రింగు.

కొత్త స్ప్రింగు వేస్తే ఇన్‌స్టాల్డ్ హైట్ (బిగించాక స్ప్రింగు ఎత్తు) ఒక్కో వాల్వుకీ కొలిచి షిమ్ములతో సమానం చెయ్యి. పూర్తి లిఫ్టులో కాయిల్ బైండ్‌కి (స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలే చోటుకి) 1.5 మి.మీ. దూరం ఉండాలి. రిటైనర్ (స్ప్రింగు పై టోపీ) కింది భాగం వాల్వ్ సీలుకి తగలకూడదు. పిస్టన్‌కి వాల్వుకి మధ్య ఇంటేక్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. కనీసం. పిస్టన్ పాకెట్లో బంకమన్ను పెట్టి, పాత గాస్కెట్టుతో హెడ్డు బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి, మన్ను కోసి వెర్నియర్‌తో చూడు. ఎగ్జాస్ట్ వాల్వులు 21-4ఎన్ స్టీలు అయినా ఉండాలి. ట్రాక్‌లో నిరంతరం ఫుల్ లోడు కాబట్టి ఇంకోనెల్ (వేడికి ఓర్చే నికెల్ మిశ్రమం) పెడితే ఇంకా మంచిది.

కావలి_బోరింగ్:

బోరింగ్ సంగతి నేను చెప్తా. మన నెల్లూరు, కావలి, ఒంగోలు షాపుల్లో లారీలు, ట్రాక్టర్లు, రొయ్యల గుంటల ఇంజన్లు ఎక్కువ వస్తాయి. చేతిపనికి లోటు లేదు. ఆ ఇంజన్లకి టార్క్ ప్లేటు (హోనింగ్ వేళ హెడ్డు బదులు బిగించే మందపు ప్లేటు) అవసరం పడదు కాబట్టి ఎవరి దగ్గరా మారుతి ప్లేటు ఉండదు. నీ బ్లాకు అల్యూమినియం, లైనరు ఇనుము. హెడ్డు బిగిస్తే బోరు పైభాగం బోల్టుల దగ్గర లోపలికి వస్తుంది. ప్లేటు లేకుండా హోన్ చేసిన బోరు బల్ల మీద గుండ్రం, ఇంజన్లో కాదు.

40 మి.మీ. మైల్డ్ స్టీలు ప్లేటు తీసుకుని పాత గాస్కెట్టు పెట్టి రంధ్రాలు గుర్తు వేయించు, లేత్ షాపులో చేసిపెడతారు. నువ్వు వాడబోయే స్టడ్లే, వాడబోయే రకం గాస్కెట్టే, అదే టార్కుతో బిగించి హోనింగ్ చేయించు. బోరింగ్ బారుతో 74.43 దాకా, మిగతా 0.07 హోన్‌తో. 45 డిగ్రీల గీతలు, చివర్లో సన్నరాయితో కొన్ని స్ట్రోకులు వేసి శిఖరాలు తీసెయ్యాలి. బోర్ గేజుతో మూడు ఎత్తుల్లో, రెండు దిక్కుల్లో కొలిచి రాయించుకో. టేపరు, ఓవాలిటీ 0.01 దాటితే తీసుకోవద్దు. పిస్టన్లు చేతికి రాకముందు బోరు వెయ్యనీకు. ఒక్కో పిస్టన్ని స్కర్టు దగ్గర తయారుదారు చెప్పిన ఎత్తులో మైక్రోమీటర్‌తో కొలిచి, ఆ పిస్టన్‌కి ఆ బోరు అని నెంబరు వేసి చెయ్యాలి.

మన ఎండలో దీన్ని చాలామంది వదిలేస్తారు: కొలిచే వేళ. క్లియరెన్సు కాగితాల్లో అంకె 20 డిగ్రీలకి. మే నెలలో మధ్యాహ్నం షెడ్డులో 40 ఉంటుంది. 74.5 పిస్టన్ ఆ 20 డిగ్రీల తేడాకి 0.033 పెరుగుతుంది, ఇనుప బోరు 0.016 పెరుగుతుంది. నీకు 0.075 కనిపించింది అసలు 0.09. ఏసీ గదిలో రాత్రంతా బ్లాకు, పిస్టన్లు, మైక్రోమీటరు కలిపి పెట్టి పొద్దున్నే కొలువు. మైక్రోమీటరు జేబులో పెట్టుకుని తిరిగితే అదీ తప్పు చూపిస్తుంది.

రింగు గ్యాపు: టర్బోకి పెట్టెలో వచ్చినట్టు వెయ్యొద్దు. పై రింగు 0.42 నుంచి 0.45, రెండో రింగు 0.47 నుంచి 0.50. రింగుని బోర్లో పెట్టి పిస్టన్ తలతో 25 మి.మీ. కిందికి నెట్టు, అప్పుడు అడ్డదిడ్డంగా కాకుండా సమంగా కూర్చుంటుంది. ఫీలర్ గేజు దూర్చి చూసి, తీసి, ఒక చివరనే ఫైలు చెయ్యి. ఫైలు బయటి అంచు నుంచి లోపలికి కొట్టాలి, లేకపోతే మాలిబ్డినం పూత పెచ్చులూడుతుంది. అంచున పొడుచుకొచ్చిన బర్ని సన్నటి రాయితో రెండు సార్లు తాకించు చాలు. గ్యాపు చాలకపోతే వేడికి రింగు చివరలు ఒకదాన్నొకటి తన్నుకుంటాయి, రింగు బోరుని గీరేస్తుంది, పిస్టన్ పై ల్యాండు లేచిపోతుంది. కాస్త ఎక్కువైతే కొంచెం బ్లో-బై (రింగుల పక్కనుంచి గ్యాసు కిందికి కారడం), అంతకంటే ఏం కాదు.

క్రాంకు గ్రైండింగుకి మద్రాసు పంపినా పర్వాలేదు. ముందు మాగ్నాఫ్లక్స్ క్రాక్ టెస్టు (అయస్కాంతంతో పగుళ్ళు పట్టేది), ఆ తర్వాతే గ్రైండింగ్. జర్నల్ మూలల్లో ఉండే రేడియస్‌ని గ్రైండరు పదునుగా కోస్తే పగులు అక్కడే మొదలవుతుంది, చెప్పి మరీ చేయించు. నాలుగు సిలిండర్ల వరుస ఇంజను కాబట్టి బ్యాలెన్సింగుకి బాబ్ వెయిట్లు (రాడ్డు, పిస్టన్ల బదులు క్రాంకుకి కట్టే తూకాలు) అక్కర్లేదు. ఫ్లైవీలు, ప్రెషర్ ప్లేటు, పుల్లీ కలిపి ఇచ్చెయ్. పిస్టన్లు ఒక గ్రాము తేడాలో, రాడ్ల రెండు కొనలూ విడివిడిగా ఒక గ్రాము తేడాలో ఉండేట్టు చూసుకో.

గూడూరు_జి13:

అన్నా, చాలా స్పష్టంగా ఉంది. ఇంకో మూడు. ఒకతను ఎల్19 బోల్టులున్న రాడ్లు ఇస్తానంటున్నాడు, 2000 కంటే బలం అంటున్నాడు. తీసుకోవచ్చా? కంప్రెషన్ 9.5 పెట్టి మద్రాసు నుంచి 100 ఆక్టేన్ తెచ్చుకుంటే? ఆయిల్ పంపుకి ఏమైనా చెయ్యాలా?

పెన్నా_క్రాంక్:

ఎల్19 బలం నిజమే, 2000 రకం 220 కేఎస్ఐ (చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్ల లెక్క) దగ్గరుంటే అది 260. కానీ తడికి పగిలే గుణం దానికుంది. చేతి చెమట, గాల్లో తేమ చాలు, పైకి కనిపించకుండా సన్నటి పగులు మొదలై ఒకరోజు తెగుతుంది. ఎప్పుడూ నూనె పూసి, గ్లౌజులతోనే ముట్టుకోవాలి. సముద్రం పక్కన మన జిల్లాల్లో, ట్రాక్ రోజుల మధ్య నెలల తరబడి నిలబడే బండిలో అది వద్దు. ఏఆర్‌పీ 2000 చాలు. ఇంకా కావాలంటే కస్టమ్ ఏజ్ 625 ప్లస్ ఉంది, తుప్పుకి లొంగదు, ఖరీదు ఎక్కువ.

బిగించడం టార్క్ రెంచితో ఒక్కటే కాదు, స్ట్రెచ్ గేజుతో చెయ్యి. వదులుగా ఉన్నప్పుడు ఒక్కో బోల్టు పొడవు రాసిపెట్టు. బోల్టుతో వచ్చిన లూబ్రికెంటే దారాలకి, తల కిందికి రాయి. మూడు సార్లు బిగించి వదిలి, నాలుగోసారి కాగితంలో చెప్పినంత సాగేదాకా. మామూలుగా అది 0.12 నుంచి 0.15 మి.మీ. దారాలకి ఇంజనాయిలు రాస్తే రాపిడి మారుతుంది, రెంచి అదే అంకె చూపించినా బోల్టు తక్కువ సాగుతుంది. తక్కువ సాగిన బోల్టు 8500లో క్యాపుని విడదీస్తుంది. విప్పినప్పుడల్లా మళ్ళీ పొడవు చూడు. మొదటి కొలత కంటే 0.025 ఎక్కువగా నిలిచిపోయిందంటే ఆ బోల్టు పారెయ్. కొత్త బోల్టులు వేశాక రాడ్డు పెద్ద కన్ను మళ్ళీ కొలిపించు, బిగింపు మారితే కన్ను గుండ్రం మారుతుంది.

ఒంగోలు_డైనో:

9.5 వద్దు. 8.8 పెట్టు. మద్రాసు నుంచి క్యాన్లలో పెట్రోలు తెచ్చుకునే ఇంజను ఎప్పుడో ఒకరోజు మామూలు పెట్రోలుతో బయటికి వస్తుంది, ఆ రోజే ల్యాండు పోతుంది. క్యాన్లు బండిలో పెట్టుకుని హైవే మీద పోవడం ప్రమాదం కూడా. మీ ఊరి బంకులో దొరికే దానికే ట్యూన్ చేయించు. ఇప్పుడు వచ్చే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) టర్బోకి మేలే, ఇథనాల్ ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది. దాని గాలి-పెట్రోలు సమతుల్య నిష్పత్తి 14.7 కాదు, 13.5 దగ్గర. మీటరు అంకెలతో తికమక పడకుండా లాంబ్డాలో (ఉన్న నిష్పత్తిని సమతుల్య నిష్పత్తితో భాగించిన అంకెలో) చూడు, ఫుల్ బూస్టులో 0.78 నుంచి 0.80. ఇంజెక్టర్లు, పంపు ఆ ఎక్కువ పరిమాణానికి లెక్క వేసి కొను. లోపల రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కి తట్టుకునేవి ఉండాలి.

కంప్రెషన్ తగ్గించడానికి మందం గాస్కెట్టు వెయ్యొద్దు. పిస్టన్ అంచుకి హెడ్డుకి మధ్య స్క్విష్ దూరం పెరిగిపోయి నాకింగ్ ఇంకా తొందరగా వస్తుంది. పిస్టన్ తలలో గిన్నె తీసి తగ్గించాలి, స్క్విష్ 1 మి.మీ. దగ్గరే ఉంచు. 8500లో రాడ్డు సాగుతుంది కాబట్టి 0.9 కంటే దిగొద్దు. గాస్కెట్టు ఎంఎల్ఎస్ (పలు స్టీలు పొరలది) వేసేట్టయితే హెడ్డు, బ్లాకు రెండూ నున్నగా ఉండాలి, గరుకుదనం (ఆర్ఏ) 1.2 మైక్రాన్లు దాటకూడదు. మామూలు స్కిమ్మింగ్ గీతల మీద ఎంఎల్ఎస్ నిలవదు.

కందుకూరు_ఆయిల్:

ఆయిలు గురించి. జి13 పంపు క్రాంకు ముక్కు మీదనే తిరుగుతుంది, అంటే ఇంజను 8500 తిరిగితే పంపు గేరూ 8500. లిమిటర్‌ని ఢీకొన్నప్పుడల్లా క్రాంకు మెలితిరిగి వదులుతుంది, ఆ కుదుపు నేరుగా గేరు మీద పడి సింటర్డ్ (లోహపు పొడి నొక్కి చేసిన) గేరు పగులుతుంది. కొత్త పంపు వెయ్యి, గేరుకి బాడీకి మధ్య సందు కొలువు. స్టీలు గేరు దొరికితే అదే వెయ్యి. ముందు పుల్లీలో రబ్బరు వలయం ఉంటే అది డ్యాంపరు. తేలిగ్గా ఉందని గట్టి అల్యూమినియం పుల్లీ బిగిస్తే ఆ మెలి అంతా పంపుకీ ఫ్లైవీలు బోల్టులకీ పోతుంది.

బేరింగ్ క్లియరెన్సు జర్నల్ వ్యాసంలో వెయ్యో వంతు మొదలు, దానికి 0.01 కలుపు. 45 మి.మీ. జర్నల్‌కి 0.055 వస్తుంది. ట్రై-మెటల్ షెల్స్ (మూడు లోహపు పొరల బేరింగులు) వెయ్యి. ప్లాస్టిగేజుతో (నలిపి సందు కొలిచే ప్లాస్టిక్ దారంతో) సరిపెట్టుకోకుండా బోర్ గేజు, మైక్రోమీటరు వాడు. ఈ క్లియరెన్సుకి 15డబ్ల్యూ-50 పూర్తి సింథటిక్. వేడి మీద 7000 దగ్గర 5 బార్ కనిపించాలి. ఐడిల్లో 1 బార్ వచ్చినా కంగారు అక్కర్లేదు. సంపులో (కింది ఆయిలు తొట్టెలో) బ్యాఫిల్ (అడ్డుపలక) తప్పనిసరి. ట్రాక్ పొడవాటి మలుపుల్లో ఆయిలంతా ఒక పక్కకి పోయి పికప్ గాలి పీలుస్తుంది, గేజు ముల్లు ఒక్క సెకను పడినా బేరింగ్ తినేస్తుంది. ఆయిల్ వేడి 130 దాటితే ల్యాపు వదిలెయ్, కూలర్ పెంచు.

కట్టిన తర్వాత మొదటి స్టార్టుకి ముందు ప్లగ్గులు తీసి, స్పార్కు ఆపి, ప్రెషర్ వచ్చేదాకా క్రాంకు కొట్టు. స్టార్టయ్యాక మినరల్ ఆయిలుతో 20 నిమిషాలు 2000–2500 మధ్య మారుస్తూ నడిపి ఆయిలు, ఫిల్టరు రెండూ మార్చెయ్. తర్వాత బూస్టు లేకుండా సగం థ్రాటిల్ లాగి వదలడం, లాగి వదలడం, రింగులు అట్టానే కూర్చుంటాయి. ఐడిల్లో గంటలు గంటలు వదిలితే హోనింగ్ గీతలు నున్నబడి ఆయిలు తాగడం మొదలవుతుంది.

తీసిన ప్రతి ఫిల్టరునీ కోసి, మడతలు విప్పి తెల్లగుడ్డ మీద పరిచి ఎండలో చూడు. మొదటిదాంట్లో సన్నటి బూడిదరంగు పొడి వస్తుంది, అది రింగులది, బోరుది. అయస్కాంతానికి అంటని వెండి రేకుల్లాంటి మెరుపు ఉంటే బేరింగ్ పైపొర లేస్తోందని. రాగిరంగు కనిపిస్తే పైపొర అయిపోయి కింది పొర దాకా వచ్చిందని. అప్పుడు ఇంకో ల్యాపు కూడా వెయ్యకుండా సంపు దింపి రెండో రాడ్డు, మూడో రాడ్డు క్యాపులు విప్పు.